బీడీ దారంతో కొలిచిన చూపు

“ఊరికే ఇస్తే అల్కగ జూస్తరు”, అంటే చులకన చేస్తారు, అన్న మాట మీలో ఎవరి నోట ఇంకోసారి విన్నా నేను లేచి ఇంటికి పోతాను. మొన్న దుప్పట్లు పంచి వచ్చాక ఒకరు అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, పేరు రాయను. ఇందులో ఎవరి పేరూ రాయను, మంచి చేసినవాళ్ళదీ, తప్పు చేసినవాళ్ళదీ. ఎందుకంటే ఆ తప్పులో పెద్ద వాటా నాది. నా వయసు డెబ్బై దాటింది. మోకాళ్ళు సరిగ్గా పనిచేయవు. కోపం మాత్రం ఇంకా శుభ్రంగా పనిచేస్తోంది. మన బృందంలో కొత్తగా చేరిన పిల్లలు కిందటేటి కళ్ళద్దాల సంగతి తెలియకుండా పని మొదలుపెట్టకూడదని ఇది రాస్తున్నాను.

నేను బడిలో చదివింది మూడో తరగతి దాకా. నిజామాబాద్‌లో ఒక కళ్ళద్దాల షాపులో ఊడ్చే పనికి చేరి, వెనక గదిలో అద్దాలు అరగదీసే పనికి ఎదిగాను. డాక్టరు చీటీ మీద పవర్ రాసిస్తాడు. ఆ పవర్ అద్దాన్ని తీసి, తడి సానరాయి మీద అంచులు అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టాలి. నా పని అదే. నలభై రెండేళ్ళు చేశాను. చదవడం సరిగ్గా నేర్చుకున్నది కూడా అక్కడే. దగ్గరి చూపు పరీక్షకు చేతికిచ్చే అట్ట ఒకటుంటుంది. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. గిరాకీలు గట్టిగా చదువుతుంటే నేను వెనక నిలబడి ఏ మాట ఎక్కడుందో చూసుకునేవాణ్ణి. అట్ట అయిపోయాక అద్దాలు చుట్టి వచ్చే పాత పేపర్లు చదివాను. తర్వాత ఎవరు ఆపినా ఆగలేదు.

“మావోని చేతి అద్దం వాపస్ రాదు” అని మా సేటు గిరాకీలకు చెప్పుకునేవాడు. ఆ మాట విని విని నాకు తల కొంచెం తిరిగింది. రిటైరయ్యాక కూడా తిరుగుడు తగ్గలేదు.

అలాంటి రోజుల్లో మన బృందం పెద్ద నా దగ్గరికి వచ్చాడు. జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఉత్సాహమూ ఎక్కువే, తొందరా ఎక్కువే. బోధన్ దారిలో ఒక ఊళ్ళో బీడీలు చుట్టే ఆడవాళ్ళకు కళ్ళద్దాలు ఇద్దామన్నాడు. ఆ ఊరు నాకు తెలుసు. ఒకప్పుడు చుట్టూ చెరకే. చక్కెర ఫ్యాక్టరీ గొట్టంలో పొగ ఆగిపోయాక పొలాలు వరికి మారాయి, మగవాళ్ళలో కొందరు గల్ఫ్ దారి పట్టారు. ఆడవాళ్ళ చేతిలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ బీడీయే. నలభై దాటాక చూపు మసకబారుతుంది, బీడీ మూతి సరిగ్గా మడవలేరు, దారం వదులవుతుంది. కార్ఖానాలో వాటిని పక్కకు పారేస్తారు.

“అద్దాలు మా సేటు ఇస్తడు, నేను చేస్త” అన్నాను. అరక్షణం కూడా ఆలోచించలేదు.

పరీక్ష చేయడానికి కంటి చూపు చదువు చదివిన అమ్మాయి ఒకతె వచ్చింది. మన బృందంలోనే ఉంది, మీకు తెలుసు. ఊరి బడి వరండాలో కుర్చీలు వేసి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, చేతికి అట్ట ఇచ్చింది. అక్షరాలు రానివాళ్ళే ఎక్కువ గనక ఉంగరాల అట్ట తెచ్చింది. ప్రతి ఉంగరానికీ ఒక పక్క తెగి ఉంటుంది, ఎటు తెగిందో వేలితో చూపాలి. అందరూ చూపించారు. చీటీలు నా దగ్గరికి వచ్చాయి. మూడు వారాలు సేటు షాపు వెనక గదిలో మళ్ళీ కూర్చుని అన్నీ చేశాను. పంచిన రోజున ఆడవాళ్ళు అద్దాలు పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. “గిదేందే, నీ మొఖం మీద గిన్ని మడతలున్నయా” అని ఒకామె పక్కామెను ఏడిపించింది. మేం గెలిచామనుకుని బస్సెక్కాం.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఇల్లిల్లూ తిరిగాం. ఒక్క ఆడమనిషి ముఖం మీదా అద్దాలు లేవు. ఒక ఇంట్లో ఉప్పు డబ్బా పక్కన ఉన్నాయి. ఒక ఇంట్లో మేకుకు వేలాడుతున్నాయి. ఇంకో ఇంట్లో భార్యకిచ్చిన అద్దాలు మొగుడు పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. “అక్షరాలు ముత్యాల్లెక్క కనవడ్తున్నయి, మంచిగ చేసిండ్రు” అని నాకు సలాం కూడా పెట్టాడు. ఆ సలాం దగ్గరే నాకు అంతా తెలియాల్సింది. తెలియలేదు.

నిజామాబాద్ తిరిగొచ్చి, కంఠేశ్వర్‌లో లెక్చరర్ ఇంటి మిద్దె మీద కూర్చున్నాం. ఆయన మొహం ముడుచుకుని ఉంది.

“ఊరికే ఇచ్చినం గదా కాకా, అందుకే అల్కగ జూస్తున్నరు. ఇది బంద్ వెడదాం. దుప్పట్లో, బియ్యమో ఇద్దాం. గవయితే వాడుకుంటరు.”

“నా అద్దాలనా అల్కగ జూసేది?” అని నేను లేచాను.

నిజం చెప్తున్నాను, ఆ కోపం ఆ ఆడవాళ్ళ తరఫున వచ్చింది కాదు. లెక్చరర్ మీద వచ్చిందీ కాదు. నా పనిని వద్దనుకున్నవాళ్ళ మీద వచ్చింది. మరునాడు పొద్దున్నే బోధన్ బస్సు ఎక్కి, అక్కడ ఆటో పట్టుకుని ఆ ఊరికి పోయాను. ఎందుకనుకున్నారు? తిట్టడానికి.

మొదట కనిపించిన ఇంటికే వెళ్ళాను. యాభైకి దగ్గరపడ్డ మనిషి గడప పక్క వెలుతురులో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. లోపల మంచం మీద భర్త పడుకుని ఉన్నాడు. గల్ఫ్‌లో మెట్ల మీంచి పడి నడుం పాడు చేసుకుని వచ్చినవాడు. కూతురు డిగ్రీకి బోధన్ పోయిందట. ఆ ఇంట్లో సంపాదించే చేతులు ఈమెవే.

“అద్దాలేవి బిడ్డా?” అన్నాను, కూర్చోకముందే.

“ఉన్నయి బాపు. గూట్ల వెట్టిన.”

“గూట్ల వెట్టనీకా ఇచ్చింది? మూడు వారాలు నడుం వంచి చేసిన. నీ కండ్లకు చేసిన, నీ గూటికి చెయ్యలే.”

ఆమెకు కోపం రాలేదు. పీట ముందుకు జరిపింది. “సల్లగ గూసో బాపు. నడుం వంచిన అంటున్నవ్ గద, గట్లయితే నీకు సమజయితది. గవి వెట్టుకుంటె నేను గుడ నడుం వంచాలె.”

“గదేం మాట? పెట్టుకో. పెట్టుకోని ఒక్క బీడీ చుట్టు, నేను సూస్త.”

గూట్లోంచి తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుంది. ఆకు తీసుకుని, చిటికెడు తంబాకు పరిచి, చుట్టడం మొదలుపెట్టింది. చేతులు చాట మీద ఉన్నాయి. తల మాత్రం కిందికి దిగుతోంది. మూతి మడిచే దగ్గరికి వచ్చేసరికి కొంగ నీళ్ళలోకి మెడ దించినట్టు ఒంగిపోయింది. దారం చుట్టేటప్పుడు నడుం కూడా వంగింది.

“గిప్పుడు మంచిగ కనవడ్తుంది” అంది, ఆ ఒంగిన మెడతోనే. “గిట్ల రోజంతా చుట్టుమను మీ సారును. లేకుంటె నువ్వు చుట్టు.”

అద్దాలు తీసింది. మళ్ళీ నిటారుగా కూర్చుంది. “ఇవి లేకుంటె మసక. ఉంటె మెడ వడ్తది. ఏది తీస్కోవాలె, నువ్వే చెప్పు.”

నేను అప్పుడు పీట మీద కూర్చున్నాను. 

అప్పుడు మెల్లగా అసలు సంగతి చెప్పింది. కార్ఖానాలో చాటన్ ఉంటాడు. తెచ్చిన కట్టలన్నీ విప్పి చూసి, మంచి బీడీలు ఏరి, చెడ్డవి పక్కకు తోసే మనిషి. ఆమె బీడీలు రెండు నెలలుగా చాలామటుకు పక్కకే పోతున్నాయి. “శనివారం గుడ గిట్లనే తెస్తె కార్డు తీసి పక్కన వెడ్త” అన్నాడట. బీడీ కార్డు పోతే ఆకూ తంబాకూ ఇవ్వరు, పీఎఫ్ ఆగుతుంది, ఇన్నేళ్ళ పనికి గుర్తే లేకుండా పోతుంది. మళ్ళీ కార్డు రావడం ఈ కాలంలో అయ్యే పని కాదు. ఆ రోజు సోమవారం.

“దారం ఇయ్యి బిడ్డా” అన్నాను.

“దారమెందుకు? నువ్వు చుడ్తవా?”

బీడీ కట్టే దారం తీసుకుని, ఒక కొస ఆమె కంటి కొన దగ్గర పట్టుకొమ్మని, రెండో కొస ఆమె వేళ్ళ దాకా లాగి ముడి వేశాను. తర్వాత భర్త తల దగ్గరున్న పేపరు ఆమె చేతికిచ్చి, బడిలో అట్ట పట్టుకున్నట్టు పట్టుకోమన్నాను. మళ్ళీ కంటి నుంచి పేపరు దాకా కొలిచి ఇంకో ముడి వేశాను. రెండు ముళ్ళ మధ్య అరజానెడుకు పైనే తేడా ఉంది. పేపరు కన్నా చాట అంత దూరం.

అంతే. అంత చిన్న సంగతి. నలభై రెండేళ్ళు నా షాపుకు వచ్చింది పేపరు చదివేవాళ్ళు, ఖాతాలు రాసేవాళ్ళు, బడి పంతుళ్ళు. దగ్గరి చూపంటే పేపరంత దూరమే అనుకున్నాను, ఎందుకంటే నాకు చదువు చెప్పిన అట్ట కూడా అంత దూరంలోనే ఉండేది. జీవితంలో ఒక్కసారీ పేపరు పట్టుకోని ఆడవాళ్ళకు పేపరు చదివే అద్దాలు చేసిచ్చాను. చీటీ అమ్మాయి రాసింది, అట్ట ఆమె ఇచ్చింది అని తప్పించుకోవచ్చు. కానీ ఆ రోజు వరండాలో నేనూ ఉన్నాను. ఎదురుగా వాళ్ళ చాటలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని చూడండమ్మా అని చెప్పడానికి ఒక్క మాట చాలు. అనలేదు.

“తప్పు నాది బిడ్డా” అన్నాను.

“తప్పు సంగతి తర్వాత. శనివారం సంగతి చూడు బాపు” అంది ఆమె.

ఆ పూట ఇంకా పద్దెనిమిది ఇళ్ళు తిరిగాను. ఒక్కొక్కరికి ఒక్కొక్క దారం ముక్క, రెండు ముళ్ళు. “పెండ్లి జాకెట్టు కుట్టిస్తవా తాతా?” అని ఒక ముసలమ్మ అడిగింది. “కొలతలు సక్కగ తీస్కో, పోయినసారి లెక్క జేయకు” అని ఇంకొకతె. అన్నీ భరించాను. భరించాల్సినవే. ఏ దారం ఎవరిదో కాగితం ముక్కల్లో చుట్టి రాసుకున్నాను.

సాయంత్రం మిద్దె మీద ఆ పొట్లాలన్నీ చాప మీద పోశాను. లెక్చరర్‌కు అర్థం కాలేదు.

“ఇదేంది కాకా, తాయెత్తులా?”

“మన తెలివితక్కువ. ముడులు వేసి తెచ్చిన.”

విషయం చెప్పాను. చూపు పరీక్షించిన అమ్మాయి మొహం మొదట ఎర్రబడింది. “నేను సరిగ్గనే టెస్ట్ చేసిన తాతా. ఎవరికి ఎంత పవరో అంతే రాసిన” అంది. నిజమే, ఆమె లెక్క తప్పు కాదు. ఒక దారం తీసి రెండు ముళ్ళ మధ్య వేలు పెట్టి కాసేపు చూసింది. తర్వాత తలమీద కొట్టుకుంది.

“కంప్యూటర్ ముందట కూసునేటోళ్ళకు వేరే పవర్ ఇయ్యాలని మాకు చదువుల చెప్పిండ్రు. తెర ఎంత దూరముందో కొలవాలని చెప్పిండ్రు. బీడీల చాట గురించి ఎవ్వరూ చెప్పలే.”

“వాళ్ళకు గుడ ఎవ్వరూ చెప్పలే, అందుకే గూట్ల వెట్టిండ్రు” అన్నాను.

 లెక్చరర్‌ను నేను ఈ సంగతిలో ఇవాళ్టికీ మెచ్చుకుంటాను. సమర్థించుకోలేదు. “శనివారం దాక ఎన్ని రోజులున్నయి?” అని మాత్రం అడిగాడు.

మరునాడు పరీక్ష బడిలో కాదు, కార్డు భయమున్న ఆమె ఇంటి ముందు పెట్టాం. కుర్చీలు వేయలేదు. ప్రతి ఒక్కరూ తమ చాటతో, తమ ఆకుతో, రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చున్నారు. కొందరు గోడకు ఆనుకుని, కొందరు కాళ్ళు చాపుకుని, ఒకామె కాస్త ఎత్తు పీట మీద. అమ్మాయి వాళ్ళ పక్కన నేల మీద కూర్చుని పరీక్ష అద్దాలు మార్చి మార్చి పెట్టింది. ఉంగరాల అట్ట తీయనే లేదు. “మూతి కనవడ్తుందా అక్కా? దారం కనవడ్తుందా? మెడ వంచకు, వంచకుండ చెప్పు.” తంబాకు ఘాటుకు తుమ్మి తుమ్మి ఆమె కళ్ళల్లో నీళ్ళు. “ముందుగాల నీ కండ్లు జూపించుకో బిడ్డా” అని నవ్వులు. పని దూరంగా ఉంటే తక్కువ పవరే చాలు, అందరికీ పవర్ తగ్గింది. ఎవరి దారం ఎంత పొడుగో అంత.

ఇక పని నాది. సేటు మళ్ళీ అద్దాలు ఇచ్చాడు. “నీ చేతి అద్దం వాపస్ రాదని చెప్పుకుంటి గద” అని ఒక్క చురక వేసి ఇచ్చాడు. ముందు శనివారం గడువున్న ఆమెవే తీసుకున్నాను.  మొదటి అద్దం అంచు పెచ్చు లేచింది. పక్కన పెట్టి ఇంకోటి తీశాను. లెక్చరర్ కాలేజీ అయిపోగానే వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, నేను అరగదీసిన అద్దాలు కడిగి తుడిచే పనికి కుదిరాడు. రెండుసార్లు వేలి ముద్రలు వదిలాడు, రెండుసార్లూ తిట్లు తిన్నాడు. బుధవారం మధ్యాహ్నానికి ఆమె అద్దాలు ఆమె చేతిలో ఉన్నాయి.

పెట్టుకుని, ఒళ్ళోకి చూసింది. ఒక బీడీ చుట్టింది. మెడ కదలలేదు. ఇంకోటి చుట్టింది. నన్ను చూడలేదు, మూడోది మొదలుపెట్టింది. పనిమంతులు ఒకరినొకరు మెచ్చుకునే తీరు అదే. నేను లేచి వచ్చేశాను.

శనివారం మేం ముగ్గురం కార్ఖానాకు పోయాం. మీలాంటివాళ్ళు అడుగుతారు, ఎందుకు పోయారని. ఏమో, కాళ్ళు నిలవలేదు. ఆమె గేటు దగ్గరే ఆపేసింది.

“మీరు లోపటికి రావొద్దు సారు. నా బీడీలు నేనే సూపించుకుంట.”

కిటికీ దగ్గర నిలబడి చూశాం. లోపల చాటన్ ముందు ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఆమె వంతు వచ్చింది. కట్ట విప్పాడు. ఒక బీడీ తీసి వేళ్ళ మధ్య తిప్పాడు, మూతి చూశాడు, దారం గోటితో లాగి చూశాడు. మంచి వైపు పెట్టాడు. ఇంకోటి, అటే. ఇంకో కట్ట విప్పాడు. పక్కకు తోసినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. నా పక్కన అమ్మాయి కిటికీ చువ్వను గట్టిగా పట్టుకుంది.

చాటన్ చేతులు ఆగాయి.

“ఎవరితోని చుట్టిచ్చినవ్ అక్కా?”

“గదేంది? నేనే చుట్టిన.”

“పోయిన వారం గట్లున్న చెయ్యి ఈ వారం గిట్లెట్లయితది? నీ బిడ్డతోని చుట్టిచ్చినవా? కార్డు నీ పేరు మీదుంది, ఇంకొకరి చెయ్యి నడవది.”

 బాగా చుట్టడమే ఆమె నేరమైంది. లోపలికి దూకి అరుద్దామని తలుపు వైపు కదిలాను. లెక్చరర్ నా చేయి పట్టుకున్నాడు. “ఆగు కాకా. రావొద్దన్నది గదా.”

ఆమె లేవలేదు, ఏడవలేదు. కొంగు నడుముకు దోపుకుంది.

“నా బిడ్డ డిగ్రీ జదువుతది అన్న. దానికి బీడీ మూతి మడవరాదు. మడవరావొద్దనే నేను మడుస్తున్న. ఏయ్, ఎవరన్న చాట ఇటియ్యుండ్రే.”

పక్కామె చాట జరిపింది, ఇంకొకామె నానిన ఆకు ఇచ్చింది, మరొకామె తంబాకు పోసింది. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, చాటన్ ఎదుటే నిటారుగా కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది.  ఆకు, చిటికెడు తంబాకు, చుట్టు, మూతి, దారం. ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి. వేళ్ళు ఎంత వేగంగా కదిలాయంటే ఎక్కడ మడిచిందో నాకు కనిపించలేదు. ముప్పై ఏళ్ళ చేయి అది. ఆ చేతికి ఏ లోటూ రాలేదు ఎప్పుడూ. దానికి చూపు అందక ఆగింది, అంతే.

పది చుట్టి, కట్టి, చాటన్ ముందు పెట్టింది.

ఆయన ఒక బీడీ తీశాడు. మూతి చూడడానికి చేయి దూరంగా చాపాడు. ఇంకొంచెం చాపాడు. తల వెనక్కి వంచాడు. నలభై రెండేళ్ళ పనివాణ్ణి, ఆ చేయి చూడగానే ఆయన పవర్ ఎంతో నాకు తెలిసిపోయింది. ఆమెకూ తెలిసింది.

“ఇంకా జాపకు అన్న, భుజం ఊడిపోతది” అంది. “బయట మా బాపు ఉన్నడు, దారంతోని కొలుస్తడు. సిగ్గువడకు.”

వరసంతా ఒక్కసారి నవ్వింది. నవ్వు కిటికీ దాటి మా మీద పడింది. చాటన్ కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. ఆ పది బీడీలూ మంచి వైపు పెట్టాడు. కార్డు మీద రాసి, ఆకూ తంబాకూ తూచి, రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు.

తర్వాతి వారం మిగతా పద్దెనిమిది మంది అద్దాలూ పంచాం. ఒక్కటీ గూటికి పోలేదు. పాతవి కూడా వృథా కాలేదు, పేపరు చదివే మొగుళ్ళకు సరిపోయాయి. చాటన్ తన దారం ఎవరూ లేనప్పుడు వచ్చి కొలిపించుకున్నాడు. ఇప్పుడు మీరు నింపే చీటీల్లో పేరు కన్నా ముందు “ఏం పని చేస్తారు, ఎలా కూర్చుని చేస్తారు” అని ఉంటుంది. ఎందుకుందని విసుక్కోకండి. మనం ఇచ్చింది ఎవరైనా వాడకపోతే ముందు వాళ్ళ పక్కన పోయి కూర్చోండి. వాళ్ళు పని చేస్తుంటే కళ్ళు తెరిచి చూడండి. ఆ తర్వాత కూడా మీకు ఆ పాడు మాట అనాలనిపిస్తే, నా దగ్గరికి రండి, మీ చూపు నేను కొలుస్తాను.

ఆ శనివారం ఆమె గేటు దాటి వచ్చేసరికి నేను ఎదురు వెళ్ళాను. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది, ఈసారి తంబాకు వల్ల కాదు. లెక్చరర్ మాత్రం ఫోన్ తీసి, ఆమెకు ఎదురుగా నిలబడి, “అక్కా, జర గట్లనే నిలవడు, కార్డు పైకి పట్టుకో, ఒక్క ఫోటో” అన్నాడు.

ఆమె ఆగలేదు. ఆకు మూట చంకకు సర్దుకుంది. ముక్కు మీద జారిన అద్దాలను మణికట్టుతో పైకి తోసుకుంది.

“పక్కకు జరుగుండ్రి సారు. ఇంటికి వోయి ఆకు నానవెయ్యాలె.”